ఏసీ సర్వీస్ నెల్లూరు: ప్లానర్‌లో 10–100 అని ఉంటే షాపుకి ఎన్ని ఫోన్లు వస్తాయి?

మీరు అడిగింది ఇదీ: నెల్లూరు వేదాయపాళెంలో ఏసీ, ఫ్రిజ్ సర్వీసు షాపు. "ఏసీ రిపేర్ నెల్లూరు" అనే మాటకి గూగుల్ కీవర్డ్ ప్లానర్ (ఏ మాటని నెలకి ఎన్నిసార్లు వెతుకుతున్నారో చెప్పే గూగుల్ టూల్) నెలకి 10–100 సెర్చ్‌లు అంటోంది. డబ్బు కట్టి తీసుకున్న ఇంకో టూల్ సున్నా అంటోంది. వెబ్‌సైట్ చేసిపెడతామని వచ్చినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్న అంకె చూపించి నెలనెలా ఫీజు అడుగుతున్నారు. ఏది నమ్మాలి, డబ్బు పెట్టొచ్చా?

ముందు ఆ మూడు అంకెలూ ఎక్కడివో చూద్దాం. వెబ్‌సైట్ వాళ్లు చూపించింది దాదాపు ఖాయంగా దేశం మొత్తం లెక్క. ప్లానర్ తెరవగానే లొకేషన్ దగ్గర ఇండియా అని ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. ఢిల్లీలో ఏసీ పాడైనాయన వేదాయపాళేనికి ఫోన్ చెయ్యడు కదా. రెండో టూల్ చెప్పిన సున్నాకి అర్థం ఎవరూ వెతకట్లేదని కాదు, వాళ్ల దగ్గరున్న డేటాలో ఆ మాట తగల్లేదని. ఇలాంటి టూల్స్‌లో చాలావాటి లెక్క దేశం స్థాయిది. నెల్లూరంత ఊరికి వచ్చేసరికి సగం మాటలు ఆ జల్లెడలోంచి జారిపోతాయి.

ఇక 10–100. ప్రకటనలకి ఖర్చు పెట్టని ఖాతాకి గూగుల్ ఇలా బుట్టల్లోనే చూపిస్తుంది: 10–100, ఆ పైన 100–1,000, ఆ పైన 1,000–10,000. బుట్ట అడుగుకీ అంచుకీ పది రెట్లు తేడా. నెలకి 12 మంది వెతికినా 95 మంది వెతికినా మీకు కనపడేది ఒకటే. ప్రకటన నడుస్తున్న ఖాతాలో విడి అంకె వస్తుంది గానీ అదీ మెట్లు మెట్లుగానే ఉంటుంది: 50, 70, 90, 110, 140, 170, 210, 260. మధ్యలో అంకెలు లేవు. అందుకే ఒక మాటకి 70, ఇంకోదానికి 90 ఉంటే రెండోది పెద్దదని తేల్చెయ్యకండి. రెండు మెట్లయినా తేడా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి.

ప్లానర్‌ని సరిగ్గా పెట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. గూగుల్ యాడ్స్ ఖాతా తెరిచేటప్పుడు ప్రకటన పెట్టెయ్యమని తొందరపెడుతుంది. క్యాంపెయిన్ (ప్రకటన) లేకుండా ఖాతా తెరిచే దారి కూడా అక్కడే ఉంటుంది, దాన్ని పట్టుకోండి. టూల్స్, ప్లానింగ్, అందులో కీవర్డ్ ప్లానర్. లొకేషన్‌లో ఇండియా తీసేసి నెల్లూరు పెట్టండి. భాష దగ్గర అన్ని భాషలూ. తెలుగు ఒక్కటే పెడితే ఫోను ఇంగ్లీషులో పెట్టుకుని వాడేవాళ్లు లెక్కలోంచి పోతారు, మన ఊళ్లలో వాళ్లే ఎక్కువ. నెట్‌వర్క్ దగ్గర గూగుల్ ఒక్కటే. తేదీలు మామూలుగా గత 12 నెలలు ఉంటాయి, 24 నెలలకి మార్చండి. ఎందుకో ఎండాకాలం సంగతి దగ్గర చెప్తాను.

ఇప్పుడు అందరూ చేసే పెద్ద పొరపాటు. ఊరి పేరు తగిలించిన మాటనే వెతికి, అంకె చిన్నదిగా ఉందని వదిలేస్తారు. నెల్లూరులో ఇంట్లో కూర్చున్నవాడు "నెల్లూరు" అని కొట్టాల్సిన పనేముంది? "ఏసీ రిపేర్" అంటాడు, లేదా "ఏసీ సర్వీస్ నియర్ మీ" అంటాడు. ఎక్కడున్నాడో గూగుల్‌కి తెలుసు. ఊరి పేరు కలిపి కొట్టేవాళ్లలో బయటివాళ్ల వాటా తక్కువేం కాదు. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ నెల్లూరులో అమ్మానాన్నల ఇంట్లో ఏసీ చూపించాలనుకునే కొడుకో కూతురో అలాగే వెతుకుతారు. కాబట్టి రెండు సార్లు వెతకండి. ఒకటి, ఊరి పేరు లేని మాటలు, లొకేషన్ నెల్లూరు. రెండు, ఊరి పేరున్న మాటలు, లొకేషన్ ఇండియా. ఈ రెండూ కలిపితే మీ గిరాకీకి దగ్గరగా వస్తుంది. రెండోదాంట్లో నెల్లూరు లోపలివాళ్లు కూడా ఉంటారు గనక ఊరి పేరున్న మాటల్ని నెల్లూరు లొకేషన్‌తో మళ్లీ వెతికి కలపొద్దు.

కూడేటప్పుడు ఇంకో జాగ్రత్త. దగ్గర దగ్గర రూపాలన్నిటినీ ప్లానర్ ఒకే బుట్టలో వేసి, ప్రతి వరసలోనూ అదే అంకె చూపిస్తుంది. "ఏసీ రిపేర్ నెల్లూరు"కి 70, "నెల్లూరు ఏసీ రిపేర్"కి 70, మధ్యలో చుక్కలు పెట్టి రాసిన ఏసీకి 70 ఉంటే అది 210 కాదు, 70 అనే అనుకోండి. నెలవారీ అంకెలున్న ఫైలు దించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఆ వరసలన్నిటిలోనూ ఏ నెలకి ఆ నెల అంకె ఒకటే ఉంటే అది ఒకే లెక్క.

ఊరి పేర్లతో మన జిల్లాల్లో ఉన్న తలనొప్పి ఏ గైడులోనూ దొరకదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లకి "కావలి" ఊరూ "కావాలి" అనే మాటా ఒకటే స్పెల్లింగు. "ఏసీ మెకానిక్ కావలి" అని ఇండియా లొకేషన్‌తో చూస్తే, అందులో విజయవాడలో మెకానిక్ కావాల్సినవాడు ఉంటాడు, హైదరాబాదులో ఏసీ మెకానిక్ ఉద్యోగం కావాల్సినవాడూ ఉంటాడు. అందుకే కావలికి రెండో వెతుకులాట పనికిరాదు. ఊరి పేరు లేని మాటలు, లొకేషన్ కావలి, అంతవరకే నమ్మండి. ఆత్మకూరు మన దగ్గరా ఉంది, నంద్యాల వైపూ ఉంది. కందుకూరు రంగారెడ్డి జిల్లాలో ఇంకోటుంది. "స్పెల్లింగ్ తప్పులు కూడా కలపండి" అనే సలహా నెల్లూరు విషయంలో మరీ ప్రమాదం. ఒక 'ఎల్' తీసేస్తే అది బ్రెజిల్లో కోట్లలో ఉన్న ఆవుల జాతి పేరు. మన ఒంగోలు పశువులే అక్కడికి వెళ్లి నెలోర్ అయ్యాయి. లొకేషన్ ప్రపంచం మొత్తం పెట్టి ఆ స్పెల్లింగు చూస్తే అంకె గొప్పగా ఉంటుంది, గిరాకీ మాత్రం పశువులది.

జిల్లా పేరుతో కూడా లెక్క వెయ్యొద్దు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు తిరుపతి జిల్లాకీ, చీరాల బాపట్ల జిల్లాకీ పోయాయి, కందుకూరు నెల్లూరు వైపు వచ్చింది. టూలు లోపలున్న హద్దులు ఏ ఏడాదివో పైకి కనపడదు. నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం అని ఊళ్లవారీగా ఎంచుకోవడమే మేలు. ఊరి లొకేషన్ కూడా గీత గీసినట్టు ఉండదనుకోండి. మొబైల్ డేటా మీదున్న ఫోనుని ఐపీ అడ్రసు బట్టి వేరే నగరంలో ఉన్నట్టు లెక్కెయ్యడం మామూలే. మొత్తంగా ఊరి అంకె అసలుకంటే తక్కువే చూపిస్తుందనుకోండి.

మాట వరసకి, లొకేషన్ ఎక్కడ పెట్టాలనేది షాపు ఎక్కడుందన్నదాన్ని బట్టి కాదు, కొనేవాడు ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ అమ్మేవాళ్లు ఒంగోలు లొకేషన్ పెట్టి చూస్తే ఏమీ కనపడదు, కొనేవాళ్లు విదేశాల్లో ఉంటారు. ఉదయగిరి చెక్క గరిటెలకీ అంతే, ఇండియా మొత్తం చూడాలి. "నెల్లూరు చేపల పులుసు" దీనికి తిరగేసిన కేసు. ఆ మాట వెతికేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది వండే విధానమో, హైదరాబాదులో తినడానికి చోటో. ట్రంకు రోడ్డులో మెస్సు నడిపేవాళ్లకి ఆ అంకె చూసి ఆశపడే పని లేదు.

మళ్లీ ఏసీ దగ్గరికి. వచ్చిన జాబితాలో పొల్లు చెరిగెయ్యాలి. "ఏసీ" అనగానే నెల్లూరు పేరుతో ఏసీ రూములు, ఏసీ బస్సులు, ఏసీ ఫంక్షన్ హాళ్లు, సెకండ్ హ్యాండ్ ఏసీలు వచ్చిపడతాయి. "ఏసీ మెకానిక్"లో ఉద్యోగాలు, ఐటీఐ కోర్సులు కలిసి ఉంటాయి. కంపెనీ పేరుతో ఉన్న "సర్వీస్ సెంటర్" మాటలకి అంకెలు బాగుంటాయి, కానీ వాళ్లకి కావాల్సింది కంపెనీ వాళ్లు. వారంటీలో ఉన్న ఏసీ మీకు రాదు. మీది ఆథరైజ్డ్ కాకపోతే ఆ పేరుతో పేజీ పెట్టడమూ, గూగుల్ మ్యాపులో కనపడే మీ షాపు ప్రొఫైల్ పేరులో బ్రాండు ఇరికించడమూ కొరివితో తల గోక్కోవడమే. ఫిర్యాదు వస్తే ప్రొఫైలే ఆగిపోవచ్చు, మళ్లీ తెరిపించేసరికి ఎండాకాలం అయిపోవచ్చు.

ఒక మాట పనికొచ్చేదో కాదో తేల్చడానికి దాన్ని నెల్లూరులో ఉన్న ఫోన్లో వెతికి చూడండి. మ్యాపూ, దాని కింద మూడు షాపులూ వస్తే గూగుల్ దాన్ని ఊళ్లో పనిగా చూస్తోందని అర్థం. వీడియోలు, వ్యాసాలు వస్తే వెతికేవాడు తనే బాగుచేసుకుందామనుకుంటున్నాడు. ప్లానర్లో పక్కనే ఉండే "కాంపిటిషన్" గడి చూసి భయపడొద్దు, అది ప్రకటనలు ఇచ్చేవాళ్ల పోటీ. మామూలు ర్యాంకుకీ దానికీ సంబంధం లేదు. దాని పక్కన పేజీ పైభాగంలో ప్రకటనకి ఇస్తున్న క్లిక్కు ధర ఉంటుంది చూడండి, నా లెక్కలో వాల్యూమ్ (సెర్చ్‌ల సంఖ్య) కంటే అదే నిజం చెప్తుంది. నెలకి 20 సెర్చ్‌లే ఉన్నా క్లిక్కుకి మంచి ధర పలుకుతుంటే, ఆ మాట వల్ల ఎవరికో డబ్బొస్తోందన్నమాట.

తెలుగు మాటల సంగతి. ఒకే అవసరాన్ని మనవాళ్లు మూడు రకాలుగా అడుగుతారు: ఇంగ్లీషులో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో, మైకు నొక్కి తెలుగులో. "ఏసీ లోంచి నీళ్లు కారుతున్నాయి", "ఏసీ కూలింగ్ రావట్లేదు" లాంటివి ఊరి స్థాయిలో ప్లానర్ చూపించకపోవచ్చు, ఎందుకంటే ఒకే సంగతి ఇరవై రకాల మాటలుగా విడిపోతుంది. వీటికి అంకెల కోసం వెతక్కుండా, ఫోన్లో గూగుల్ తెరిచి సగం మాట కొట్టి కింద ఏం సూచిస్తోందో చూడండి. సూచన వచ్చిందంటే ఆ మాట జనం వాడుకలో ఉన్నట్టే, ఎంతమందో మాత్రం అది చెప్పదు. ఒక్కో మాటకి ఒక్కో పేజీ కట్టొద్దు. గ్యాస్ ఎక్కించడం, నీళ్లు కారడం, బిగించడం, విప్పి ఇంకో ఇంటికి మార్చడం, ఇవన్నీ ధరలతో సహా ఒకే పేజీలో జనం మాట్లాడే తెలుగులో రాస్తే చాలు.

ఇప్పుడు 24 నెలలు పెట్టమన్న కారణం. ప్లానర్ ముందు చూపించే అంకె పన్నెండు నెలల సగటు. ఏసీ పనికి సగటు అంత మోసం ఇంకోటి లేదు. ఏడాదికి మొత్తం 600 అయితే సగటు 50 అంటుంది. అందులో 400 మార్చి నుంచి జూన్ దాకా, రోహిణి కార్తె దాటేలోపే వచ్చి ఉండొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, తుపాన్లు, అప్పుడు నెలకి పది కూడా ఉండకపోవచ్చు. నెలవారీ గీత చూసుకుని పేజీ, ప్రొఫైలు పని జనవరికే ముగించాలి. ఏప్రిల్లో మొదలుపెట్టిన పేజీ పైకి వచ్చేసరికి వానలు పడతాయి. ఒక్క ఏడాదే చూస్తే అది ఎండలు మరీ ఎక్కువైన ఏడాదో, ఎడాపెడా వానలు పడిన ఏడాదో తెలీదు.

లాడ్జీలు నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: రొట్టెల పండుగ మొహర్రంతో వస్తుంది గనక ఏటా పది పన్నెండు రోజులు ముందుకి జరుగుతుంది. 2024లో జులై 17న మొదలైంది, 2025లో జులై 6న. 2026కి జూన్లోకి జరుగుతుంది. "కిందటి జులైతో పోలిస్తే ఈ జులై పడిపోయింది" అనే లెక్క అక్కడ అర్థం లేనిది. పెళ్లిళ్ల వ్యాపారాలకి మూఢాలు, ఆషాఢం, అధిక మాసంతో ఇదే గొడవ. పంచాంగం పక్కన పెట్టుకుని గ్రాఫు చదవాలి.

గూగుల్ ట్రెండ్స్ (ఒక మాట వెతుకులాట ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతోందో చూపే టూల్) అంకెలు 0 నుంచి 100 దాకా ఉంటాయి. 100 అంటే ఆ కాలంలో అన్నిటికంటే ఎత్తు అని, వందమంది అని కాదు. నెల్లూరంత ఊరికి దాన్ని నమ్ముకోలేం. ఆంధ్రప్రదేశ్ పెట్టి, ఎండాకాలం గిరాకీ ఏ వారంలో లేస్తోందో చూడ్డానికి వాడుకోండి, అంతే.

ఇక అంచనాలు వదిలేసి నిజంగా కొలవాలంటే చిన్న ప్రకటనే దారి. మార్చి చివర్లో, రోజుకి ₹250 చొప్పున 30 రోజులు: ₹7,500, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ₹8,850. మాటలు అయిదారు, అన్నీ ఎగ్జాక్ట్ మ్యాచ్ (ఆ మాటకి సరిపోయే సెర్చ్‌లకే ప్రకటన చూపించే పద్ధతి). లొకేషన్ ఆప్షన్లలో "ఆసక్తి ఉన్నవాళ్లు" కూడా కలిసి ఉండే సెట్టింగు ముందే ఎంచి ఉంటుంది, దాన్ని తీసి ఆ ఊళ్లో ఉన్నవాళ్లకి మాత్రమే అని మార్చండి. ఇది మర్చిపోతే డబ్బు ఎక్కడెక్కడికో పోతుంది. డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో కనపడే ప్రకటనలు), సెర్చ్ పార్ట్‌నర్లు (గూగుల్ కాని సెర్చ్ సైట్లు) రెండూ ఆపెయ్యండి. జాబ్స్, కోర్సు, సెకండ్ హ్యాండ్, రూమ్స్, బస్ అనేవి నెగటివ్ మాటలుగా పెట్టండి, అవి ఉన్న సెర్చ్‌లకి ప్రకటన రాదు. ప్రకటన రోజంతా నడవాలి, లేకపోతే రాత్రి వెతికినవాళ్లు లెక్కకి రారు.

నెల తర్వాత రిపోర్టులో సెర్చ్ ఇంప్రెషన్ షేర్ (ప్రకటన కనపడగలిగిన సందర్భాల్లో నిజంగా కనపడినవి నూటికి ఎన్నో) అనే గడి తీసుకోండి. ఒక మాటకి మీ ప్రకటన 126 సార్లు కనపడింది, షేరు 60 శాతం ఉందనుకుందాం. 126ని 0.60తో భాగిస్తే 210. అంటే ఆ నెల నెల్లూరులో మీ ప్రకటన కనపడగలిగిన సందర్భాలు 210. ప్లానర్ అదే నెలకి చూపించిన అంకె పక్కన (ఏడాది సగటు పక్కన కాదు) ఇది పెట్టుకుంటే టూలు ఎంత తక్కువ చూపించిందో మీకే తెలుస్తుంది, మిగతా మాటలకీ ఆ పాళ్లలో సవరించుకోవచ్చు. షేరు 10 శాతం కంటే తక్కువ అని వస్తే మాత్రం ఈ భాగహారం కుదరదు. మాటలు తగ్గించి, మిగిలినవాటికి డబ్బు పెంచి మళ్లీ చూడాలి. ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో కూడా అదే అర్థం వచ్చే వేరే మాటలు కలుస్తాయి గనక సెర్చ్ టర్మ్స్ రిపోర్టు వారానికోసారి తిరగెయ్యండి. తెలుగు మాటలు నిజంగా ఎలా కొడుతున్నారో కనపడేది అక్కడే.

డబ్బు ఖర్చు లేకుండా దొరికే లెక్క మీ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉంది (2021 నవంబరు దాకా దాని పేరు గూగుల్ మై బిజినెస్). పెర్ఫార్మెన్స్‌లో ఏ మాట వెతికితే మీ షాపు కనపడిందో నెలవారీ ఉంటుంది. 15 కంటే తక్కువ ఉన్నవాటికి విడి అంకె ఇవ్వదు. ఇది మీరు కనపడిన సెర్చ్‌ల లెక్కే, ఊళ్లో జరిగిన సెర్చ్‌లన్నీ కాదు. మీరు వేదాయపాళెంలో ఉంటే మాగుంట లేఅవుట్‌లో వెతికినాయనకి అసలు కనపడకపోవచ్చు, దూరం కూడా ర్యాంకులో ఒక భాగం. ఈ డేటా ఎక్కువ కాలం వెనక్కి దొరకదు, నెలకోసారి దించి పెట్టుకోండి.

వెబ్‌సైట్ ఉంటే సెర్చ్ కన్సోల్ (మీ సైటు గూగుల్‌లో ఏ మాటలకి కనపడిందో చెప్పే గూగుల్ టూల్) 16 నెలలు చూపిస్తుంది. దాంట్లో ఊరి ఫిల్టరు లేదు, దేశం వరకే. తక్కువమంది వెతికిన మాటల్ని గోప్యత కోసం దాచేస్తుంది కాబట్టి, మాటలవారీగా కూడితే పైన చూపించే మొత్తం కంటే తక్కువే వస్తుంది. మొదటి పేజీలో నిలకడగా ఉన్న మాటకి వచ్చిన ఇంప్రెషన్లే (ఎన్నిసార్లు కనపడిందన్న లెక్కే) అక్కడ నమ్మదగిన అంకె.

డబ్బు ప్రశ్నకి వద్దాం. కింది అంకెలు లెక్క వేసే పద్ధతి కోసం ఊహించినవి, మీవి వేసుకోండి. పొల్లు తీసేశాక ఎండాకాలం నెలకి 400 సెర్చ్‌లు. ప్రకటనలు, డైరెక్టరీ సైట్లు, మ్యాపులో మిగతా షాపులు వాటా తీసుకోగా, నూటికి 8 మంది మీకు ఫోన్ చేస్తే 32. అందులో సగం పనిగా మారితే 16. మెకానిక్ కూలీ, పెట్రోలు పోగా పనికి ₹350 మిగిలితే నెలకి ₹5,600. మిగతా ఎనిమిది నెలలు 80 చొప్పున సెర్చ్‌లైతే ఆరు ఫోన్లు, మూడు పనులు, ₹1,050. నాలుగు నెలలకి ₹22,400, ఎనిమిది నెలలకి ₹8,400, ఏడాదికి ₹30,800. ఫీజు నెలకి ₹12,000 అనుకుంటే ఏడాదికి ₹1,44,000. నిలవదు. వచ్చిన ఇంటికి ఏడాది కాంట్రాక్టు చెయ్యగలిగితే, అపార్ట్‌మెంటులో పక్కవాళ్లు కూడా పిలిస్తే, పనికి మిగిలేది పెరుగుతుంది. అప్పుడు లెక్క మళ్లీ వేసుకోండి, కానీ ఫీజు ఒప్పుకునే ముందు వేసుకోండి.

ఈ అంకెల మీద నేనైతే నెలవారీ ఫీజుకి ఒప్పుకోవద్దంటాను. ప్రొఫైల్‌లో సేవలు, ఫోటోలు, పని వేళలు పూర్తిగా నింపి, పని అయిన ప్రతి ఇంట్లో రివ్యూ అడిగి, ఒకే పేజీ ఉన్న చిన్న వెబ్‌సైట్ ఒకసారి చేయించుకుని, మార్చిలో పైన చెప్పిన ప్రకటన నడపండి. ఎవరైనా వాల్యూమ్ అంకె చూపించి బేరానికొస్తే మూడు అడగండి: లొకేషన్ గడి కనపడేలా స్క్రీన్‌షాట్, నెలవారీ అంకెల ఫైలు, అందులో ఉద్యోగాలు, కంపెనీ సర్వీస్ సెంటర్ల మాటలు తీసేశాక మిగిలిన మొత్తం. ఆ మూడూ ఇచ్చేవాళ్లయితే ఫీజు మాట్లాడండి, అదీ వచ్చిన ఫోన్లని బట్టి.